పరామర్శ బొత్తాం

1వ రోజు

పందొమ్మిదేళ్ళ కిందట ఒక మనిషి మా ఇంటి గుమ్మంలో నిలబడి, నా చెయ్యి పట్టుకుని ఒక మాట ఇచ్చాడు. "పదకొండో రోజు భోజనానికి వస్తాను సార్. మీ కళ్ళ ముందే అంతా చెరిపేస్తాను. ఒక్క ముక్క కూడా దాచుకోను." పదకొండో రోజున అతనికి ఆకు వేసి ఉంచాం. మూడు గంటల దాకా చూసి తీసేశాం. అతని పేరు ఇప్పుడే రాయను. ఈ పుస్తకంలో పేర్లు రాయడానికి వేరే గళ్ళున్నాయి. అతన్ని రాయవలసిన గడి ఎప్పుడైనా ఖాళీగా దొరికితే అప్పుడు రాస్తాను.

ఇది తేలుపేట ప్రాథమిక పాఠశాల దినచర్య పుస్తకం. ఊరంతా నీళ్ళ మీదే, బడి కూడా తెప్పల మీద తేలుతుంటుంది. రాసేవాడి పేరు విహాన్. వయసు డెబ్బై నాలుగు. పూర్వం ఈ బడికే హెడ్మాస్టరు. మా తరం వాళ్ళకి ఇలాంటి పేర్లే పెట్టారు, ఏం చేస్తాం. ఇప్పటి తల్లిదండ్రులకి పాత పేర్ల మోజు. రెండో తరగతి హాజరు పిలుస్తుంటే పోలయ్య, వీరాస్వామి, అచ్చమ్మ, నాంచారు అంటూ మా ముత్తాతల కాలపు పెళ్ళి పంక్తిని పిలిచినట్టుంటుంది.

ఈ రోజు నుంచి బడిలో సహానుభూతి పథకం మొదలు. పిల్లలు ఒకరినొకరు కొట్టుకోకుండా ఉండాలంటే ఎదుటివాడి బాధ తెలియాలట. అది నిజమే. నేను హెడ్మాస్టరుగా ఉన్నప్పుడు, కొట్టుకున్న ఇద్దరినీ మంచినీళ్ళ పడవ ఎక్కించి ఒకే తెడ్డు చేతికిచ్చేవాణ్ణి. ఇద్దరూ కలిసి లాగితేగాని ఆ తెడ్డు కదలదు. నీళ్ళ కేంద్రం దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి దెబ్బలాట ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తుండేది కాదు. అంతే నా సిద్ధాంతం. దానికి నివేదిక లేదు కాబట్టి అది సిద్ధాంతం కాదని తేల్చారు.

ఇప్పుడు ప్రతి పిల్లవాడి మెడపట్టీకి ఒక బొత్తాం. పక్కవాడు ఏడుస్తుంటే ఈ పిల్లవాడి గొంతు, ముఖం, శ్వాస చూసి ఎంత సహానుభూతి పుట్టిందో లెక్క కడుతుంది. పుడితే పచ్చదీపం. కొడితే ఎర్రదీపం. ఏమీ లేకపోతే దీపం లేదు, సున్నా. ముప్ఫై పనిరోజులు వరసగా సున్నా వచ్చిన పిల్లల్ని నీళ్ళందని మెరక మీద ఉన్న ప్రత్యేక బడికి పంపుతారు. అక్కడ హాస్టలు. ఏడాదికి ఒక్కసారి ఇంటికి పంపుతారట.

యంత్రం చూసినదాన్ని మనిషి చేత్తో రాసి సంతకం పెట్టాలని చట్టం. అందుకని నన్ను పెట్టారు. పుస్తకంలో మూడు గళ్ళు: ఏడ్చినవారు, ఓదార్చినవారు, ఏడిపించినవారు. నిబంధనల పుస్తకం నూటపన్నెండు పేజీలు. ఈ ఊళ్ళో అది మొత్తం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. రాసినవాళ్ళు కూడా చదివారని నాకు నమ్మకం లేదు. తొంభై ఒకటో పేజీలో ఒక మంచి నిబంధన ఉంది. బడి ఆవరణలో ఏడ్చిన వ్యక్తి, తనను ఓదార్చినదెవరో అదే రోజు తన నోటితో చెబితే, బొత్తాం లెక్క కన్నా ఆ మాటే చెల్లుతుంది. మనిషి మీద అంత నమ్మకం ఆ పుస్తకంలోకి ఎలా జొరబడిందో తెలియదు. ఎవరో దయగల టైపిస్టు చేసి ఉంటాడు.

4వ రోజు

మూడు రోజులుగా ఒక్క దీపమూ వెలగలేదు. హెడ్మిస్ట్రెస్ శ్రీనిజ గారు కంగారు పడుతున్నారు. పిల్లలు ఎప్పటిలాగే ఏడ్చారు, ఎప్పటిలాగే ఓదార్చుకున్నారు. ఏడ్చేవాడికి ఒకడు తన జీడి సగం కొరికి ఇచ్చాడు. ఒక పిల్ల కొట్టినవాడి దగ్గరికి వెళ్ళి నాలుక చాపింది. బొత్తాం ఇవేవీ గుర్తించలేదు.

ఇవాళ పోలయ్య పలక తెప్ప మీద పడి పగిలింది. వాడు ఏడుస్తుంటే వీరాస్వామి వాళ్ళ బామ్మని అనుకరిస్తూ, నవ్వించడానికే, నెత్తిన చెయ్యి పెట్టుకుని అన్నాడు: "అయ్యో, నిన్నటిదాకా బాగానే ఉంది కదరా. ఇంతలో ఇంత ఘోరమా."

మెడ దగ్గర పచ్చదీపం భగ్గుమంది. వాడే అదిరిపడ్డాడు.

పిల్లలు తెలివైనవాళ్ళు. మధ్యాహ్నం భోజనాల లోపు తరగతిలో సగం మందికి విషయం తెలిసిపోయింది. బడి వదిలేలోపు ఆ పలకకి పద్నాలుగు పరామర్శలు జరిగాయి. "మన చేతుల్లో ఏముంది పోలయ్యా." "నువ్వే ధైర్యం తెచ్చుకోవాలి." "గుండె రాయి చేసుకో నాయనా." పలక పగిలిన పిల్లవాడు మధ్యలో కూర్చుని, ఎవరు పోయారో తెలియక, అనుమానంగా చూస్తున్నాడు.

ఏడ్చినవారు: పోలయ్య. ఓదార్చినవారు: పద్నాలుగు మంది. ఏడిపించినవారు: లేరు.

9వ రోజు

దెబ్బలాటలు తగ్గాయి. ఎవరికీ తీరిక లేదు. ఇంటర్వెల్‌లో పిల్లలు గుంపుగా నిలబడి ఎవరికేం జరుగుతుందా అని ఎదురు చూస్తున్నారు. ఇవాళ గోడ మీంచి బల్లి పడి చచ్చింది. దాని చుట్టూ చాప పరిచి వరసగా కూర్చున్నారు. ఒక్కొక్కరే వచ్చి, ముక్కు తుడుచుకుని, తల అడ్డంగా ఊపి, వెనక్కి వెళ్ళారు. ఇరవై పచ్చదీపాలు.

"చూశారా మాస్టారూ," అన్నారు శ్రీనిజ గారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "ఒక బల్లి కోసం ఇంత బాధపడే పిల్లల్ని మీ కాలంలో చూశారా?"

"లేదమ్మా. మా కాలంలో బల్లిని వీళ్ళే చంపేవాళ్ళు."

"మీరు ప్రతిదాన్నీ అలాగే చూస్తారు."

"వీళ్ళకి ఆ బల్లి అంటే ఇష్టమా అని అడగండి."

"ఇష్టంతో పనేముంది? బొత్తాం నూటికి ఎనభై చూపిస్తోంది."

సాయంత్రం వీరాస్వామి తల్లి వచ్చింది. నాచు తోటలో పని చేస్తుంది, చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. "ఏంటోనండి మాస్టారూ, మావోడు పొద్దున్నే బడికెల్తా ఎల్లొత్తానని చెప్పడం మానేశాడు. పిలిస్తే పలక్కండా పడవెక్కేత్తన్నాడు. నాకు మనసేం బాలేదండి."

వాణ్ణి పిలిచి అడిగాను. "ఎల్లొత్తానంటే బొత్తాం మార్కులు తీసేత్తందండి," అన్నాడు.

బడి వదిలినప్పుడు పరీక్షించి చూశాను. నిజమే. ఏ పిల్లవాడు "వెళ్ళొస్తా" అన్నా దీపం మసకబారుతోంది. దినచర్యలో రాశాను గాని, ఎందుకో తోచలేదు. మొన్నటిదాకా సాయంత్రం బడి వదిలితే నూట ఎనభై గొంతులు ఆ ఒక్క మాట అరిచేవి. ఇప్పుడు నూట ఎనభై మంది చెప్పాపెట్టకుండా లేచి, తల వంచుకుని పడవలెక్కుతున్నారు.

15వ రోజు

తెలిసింది. తెలియకుండా ఉంటే బాగుండేది.

అచ్చమ్మ పెన్సిలు నీళ్ళలో పడింది. వీరాస్వామి ఓదార్చడానికి వెళ్ళాడు. ముందు రెండుసార్లు పొడిదగ్గు దగ్గాడు. తర్వాత, "పసుపుకుంకాలతో పోయింది, అంతకన్నా ఏం కావాలి," అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇంతకీ కాఫీ ఎవరు కలిపారు?" అని అడిగాడు.

దీపం ఇంతకు ముందెప్పుడూ లేనంత వెలిగింది. నూటికి నూరు.

"ఈ కాఫీ సంగతి నీకెవరు చెప్పార్రా?" అన్నాను.

"ఎవరూ చెప్పలేదండి. పొడిదగ్గుకి ఎలిగిందండి. ఆ తర్వాత ఒక్కో మాట ఏసి చూశానండి. టీ అంటే ఎలగలేదండి. కాఫీ అంటే ఎలిగిందండి."

నేను వరండాలో కూర్చుండిపోయాను. ఆ రెండు పొడిదగ్గులు నాకు తెలుసు. ఆ కాఫీ కూడా తెలుసు. మా ఆవిడ లాస్య పోయిన మూడో రోజు ఉదయం ఆవిడ చిన్నత్త పడవ దిగి, అక్కడే రెండుసార్లు దగ్గి, గుమ్మంలోకి రాగానే గొల్లుమని, అంతలోనే ఆగి, ఆ ప్రశ్న అడిగింది. లాస్య రెండేళ్ళు మంచం మీద ఉంటే ఒక్కసారి చూడటానికి రాలేదు. వచ్చిన రోజు కాఫీలో చికోరీ ఎక్కువైందని చెప్పి వెళ్ళింది. ఆ చిన్నత్త ఇప్పుడు రాష్ట్రంలో ఉన్న ప్రతి పిల్లవాడి మెడలో కూర్చుని నూటికి నూరు మార్కులు వేస్తోంది.

అప్పట్లో నా కింద ఒక కుర్ర మాస్టారు పని చేసేవాడు. చురుకైనవాడు. మనుషులు ఒకరినొకరు ఎలా ఓదార్చుకుంటారో పరిశోధన చేస్తానన్నాడు. అది తెలిస్తే పిల్లలకి నేర్పవచ్చునన్నాడు. లాస్య పోయిన రోజున వచ్చి, నా పక్కన చాలాసేపు కూర్చుని, అడగలేక అడిగినట్టు అడిగాడు: ఈ పదకొండు రోజులూ ఇంటికి వచ్చిపోయేవాళ్ళని రికార్డు చేసుకోవచ్చా అని. నేను సరేనన్నాను. పిల్లలకి పనికొస్తుందన్నాడు కదా. లాస్య కూడా టీచరే, ఉంటే సరేనని ఉండేదనుకున్నాను.

అతనే ఇప్పుడు పథకానికి డైరెక్టరు. ఈ బొత్తాం పాఠాలు నేర్చుకున్నది ఆ రికార్డు మీదే.

కొన్ని వేల పుస్తకాలు చదివాను. మూర్ఖత్వం గురించి చదవనిది లేదనుకున్నాను. కాని మనుషుల సహానుభూతికి నమూనా కావాలని ఒకడు పరామర్శకి వచ్చినవాళ్ళని ఎంచుకుంటాడని ఏ పుస్తకంలోనూ లేదు. పరామర్శకి ఎవరు ఎందుకు వస్తారో తెలుగు దేశంలో పుట్టిన పసివాడికి కూడా తెలుసు. రాకపోతే మాట వస్తుందని వస్తారు. మా తోడల్లుడు నన్ను కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చి, కళ్ళు తుడుచుకోకముందే, లాస్య వాడిన చక్రాల కుర్చీ ఇక ఎవరికిస్తారని అడిగాడు. ఆ వెక్కిళ్ళకి బొత్తాం తొంభై ఆరు ఇస్తోంది. ఇవాళే చూశాను. అచ్చమ్మ అచ్చం అలాగే వెక్కింది.

"వెళ్ళొస్తా" సంగతి కూడా అర్థమైంది. చావు జరిగిన ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు. వచ్చినవాళ్ళు చెప్పకుండానే లేచి వెళ్ళిపోతారు. పదకొండు రోజుల రికార్డులో ఆ మాట ఒక్కసారి కూడా లేదు. అంచేత అది సహానుభూతి లేనివాళ్ళు అనే మాటగా యంత్రం తీర్మానించుకుంది.

18వ రోజు

ఏడుపులు చాలడం లేదు. బల్లులు రోజూ చావవు, పలకలు రోజూ పగలవు. పిల్లలు దానికి దారి కనిపెట్టారు. వీరాస్వామి నోటుపుస్తకం వెనక అట్ట మీద వంతుల పట్టిక రాశాడు. సోమవారం ఏడ్చేది పోలయ్య, గిల్లేది సింహాచలం, మొదటి ఓదార్పు అచ్చమ్మ. మంగళవారం ఏడ్చేది అచ్చమ్మ. పోలయ్య తొందరగా ఏడుస్తాడని వాడి పేరు వారంలో రెండు మూడుసార్లు వేశారు. ఇలా ఇరవై ఆరు పేర్లు. గిల్లేవాడు అంతలోనే ఓదార్చేవాళ్ళ వరసలోకి వెళ్ళి నిలబడతాడు కాబట్టి ఎర్రదీపం వెలగకముందే పచ్చదీపం వెలుగుతుంది.

పోలయ్య మోచేతి పైన ఆరు కమిలిన మచ్చలున్నాయి.

"ఎవర్రా?" అన్నాను.

"వంతు ప్రకారమేనండి," అన్నాడు.

"నొప్పి లేదా?"

"ఉందండి. రేపు నేను ఓదార్చాలి కదండీ."

శ్రీనిజ గారికి ఆ మచ్చలు చూపించాను. ఆవిడ చేతిలోని తెర మీద బొత్తాల అంకెలు చూపించారు. హింస సున్నా. జిల్లాలో మన బడి మూడో స్థానం. "పిల్లలు ఆటల్లో కమలరా మాస్టారూ?"

పట్టికలో లేని పేరు ఒక్కటే. నాంచారు.

21వ రోజు

నాంచారు తల్లి కాగితం పట్టుకుని వచ్చింది. చిన్న పడవ మీద మంచినీళ్ళు అమ్ముకుంటుంది. కాగితాన్ని నా బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేసింది.

"మా పిల్లకి మనసు లేదని రాశారండి. ఏడేళ్ళ పిల్లకి మనసు లేకపోడం ఏంటండీ? ఇంట్లో నా పక్కనున్నప్పుడు ఉందండి మరి."

"ఇంట్లో ఎలా ఉంటుందమ్మా?"

"మాట తక్కువండి. నాకు జొరమొత్తే పక్కన కూకుంటాది. ఏం మాట్టాడదు. నేను లేచేదాకా కదలదు. ఆళ్ళ నాన్న కూడా అంతేనండి, ఉన్నన్నాళ్ళూ." కాగితం అంచు మళ్ళీ సాపు చేసింది. "మెరక మీదికి పంపేత్తారటగా. ఏడాదికోసారంట. దానికి నేను, నాకు అది. ఇంకెవరున్నారండి మాకు?"

ఇంకా తొమ్మిది రోజులుంది. నేను చెయ్యకూడని పని చేశాను. మధ్యాహ్నం నాంచారుని వరండాలో కూర్చోబెట్టి పరామర్శ నేర్పడానికి ప్రయత్నించాను. నా ఇంట్లో విని, విని, చెవులు మూసుకోవాలనిపించిన మాటల్ని నా నోటితో, ఆ పసిదానికి.

"ఇంతలో ఇంత ఘోరమా అనమ్మా."

"ఏం ఘోరమండి?"

"ఏదైనా కానీ. పోలయ్య ఏడుస్తుంటే వెళ్ళి ఆ మాట అను."

పోలయ్య వైపు చూసింది. "ఆడు ఏడుత్తంటే నేను మాట్టాడితే ఆడికి ఇనపడదు కదండీ."

"వినపడకపోయినా అనాలి."

"మరి ఎవరికండి?"

తర్వాత గంటలో పోలయ్యని వంతు ప్రకారం గిల్లారు. ఇరవై ఐదు మందీ వచ్చి ఘోరాలన్నీ చెప్పి వెళ్ళాక నాంచారు వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. ఊడిన చెప్పు పట్టీ వేలితో లోపలికి దూర్చింది. వాడు వెక్కడం ఆపి ఆమె భుజానికి ఆనుకున్నాడు. అలా బెల్లు కొట్టేదాకా ఉన్నారు. ఆమె బొత్తాం చూశాను. చీకటి.

24వ రోజు

ఇది జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

గిల్లుళ్ళకి పిల్లలు అలవాటు పడిపోయారు, ఏడుపు సరిగ్గా రావడం లేదు. అందుకని వంతుల పట్టికలో ఇవాళ్టి నుంచి గిల్లడం తీసేసి తోయడం రాసుకున్నారు. పదకొండు గంటలకి సింహాచలం పోలయ్యని తోశాడు. ఆటు సమయం, నీళ్ళు వెనక్కి లాగుతుంటే తెప్పలు ఊగుతున్నాయి. భోజనాల తెప్పకీ తరగతి తెప్పకీ మధ్య మూరెడు సందుంది. వాడు అందులో పడ్డాడు.

కేక విని నేను వరండా లోంచి బయలుదేరాను. నా కాళ్ళకి ఆ దూరం చాలా దూరం. వెళ్ళేసరికి పిల్లలు ఆ సందు ముందు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరే ముందుకి వచ్చి, రెండుసార్లు దగ్గి, "నిన్నటిదాకా నవ్వుతూ తిరిగాడు," అని, తల ఊపి, పక్కకి తప్పుకుంటున్నారు. అందరి మెడల్లోనూ పచ్చదీపాలు. వరస చెక్కుచెదరలేదు. ఎవరో ఒక పిల్ల కాఫీ సంగతి కూడా అడిగింది.

నాంచారు బోర్లా పడుకుని, భుజాల దాకా సందులోకి దూరి, రెండు చేతులతో పోలయ్య జుట్టు పట్టుకుని ఉంది. రెండు తెప్పలూ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆమె చేతులు నలుగుతున్నాయి. వదల్లేదు. నేను మోకాళ్ళ మీద పడి వాడి చొక్కా అందుకున్నాను. వంటావిడ వచ్చి నన్ను లాగింది, నేను వాణ్ణి లాగాను. నీళ్ళు కక్కాడు. బతికాడు.

వెనక నుంచి వీరాస్వామి నా కండువా పట్టి లాగాడు. "మాస్టారూ, నా వంతు ఇంకా అవలేదండి."

కండువాని గుప్పిట్లోంచి వదలడం లేదు. వాడికి నిజంగా భయం వేసింది. భయం వేసినప్పుడు ఏం చెయ్యాలో మేము వాడికి నేర్పిందే వాడు చేశాడు.

బొత్తాలు ఇచ్చిన లెక్క ఇది. ఓదార్చినవారు: ఇరవై ఐదు మంది, సగటు తొంభై నాలుగు. నాంచారు: జుట్టు పట్టి లాగుట, ఎర్రదీపం, సహానుభూతి సున్నా. ఏడ్చినవారు: లేరు. నీళ్ళలో ఉన్నవాడు ఏడుస్తున్నట్టు యంత్రం గుర్తించలేదు.

తొంభై ఒకటో పేజీ గుర్తొచ్చింది. ఒళ్ళు తుడిచాక పోలయ్య వెచ్చబడి, కాస్త ఏడ్చాడు. వెంటనే అడిగాను. "నిన్ను ఓదార్చింది ఎవరు నాయనా? పేరు చెప్పు."

వాడు వీరాస్వామి వైపు చూశాడు. "ఈరాస్వామండి. ఇయ్యాళ ఆఖరి వంతు ఆడిదే."

శ్రీనిజ గారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పోలయ్యకి తన శాలువా కప్పి వచ్చారు, పాపం ఆవిడ కూడా తల్లే. "పిల్లాడు బతికాడు కదా మాస్టారూ. ఇక రికార్డులో ఎందుకు?" అన్నారు. "ఇవాళ్టితో రాష్ట్రంలో మనదే మొదటి స్థానం. డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారు."

30వ రోజు

ఉదయం తొమ్మిదికి డైరెక్టరు లాంచీ దిగాడు. జుట్టు తెల్లబడింది, నవ్వు మారలేదు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు.

"సార్. మొదటి స్థానం మీ బడికే రావడం నాకెంత సంతోషమో."

"భోజనానికి వస్తానన్నావు," అన్నాను.

"ఎప్పుడండీ?"

"పందొమ్మిదేళ్ళ కిందట. ఆకు వేశాం."

జోడించిన చేతులు దించాడు. తర్వాత నన్ను చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళాడు. "చెరిపేద్దామనే అనుకున్నాను సార్. కాని అది ఎంత మంచి సామగ్రి అనుకున్నారు? ఎక్కడా పేర్లు లేవు. ఆ విషయంలో మేము చాలా కఠినంగా ఉంటాం. లాస్య మేడమ్ గారి వల్ల ఎనిమిది లక్షల మంది పిల్లలకి మేలు జరుగుతోంది."

"నూటికి నూరు మా చిన్నత్త. అది కనిపెట్టాను. తొంభై ఆరు మా తోడల్లుడు. సున్నా ఎవరు?"

"అదేంటండీ?"

"కొలబద్దకి రెండో కొస ఉండాలి కదా. ఏమాత్రం సహానుభూతి లేని మనిషి ఎలా ఉంటాడో యంత్రానికి ఎవర్ని చూపించావు?"

అతను లాంచీ వైపు చూశాడు. "సాంకేతికంగా అవసరమైంది సార్. వచ్చినవాళ్ళందరూ ఏడ్చారు, మాట్లాడారు. పదకొండు రోజులూ గోడకి ఆనుకుని, ఒక్క మాట లేకుండా, కళ్ళు కూడా తడవకుండా కూర్చున్న ముఖం ఒక్కటే దొరికింది."

అది ఎవరి ముఖమని నేను అడగలేదు. గోడ ఏ గోడో నాకు తెలుసు. చిన్నత్త కూర్చోమంటే కూర్చోని చోటు, తోడల్లుడు కావలించుకోవడానికి వంగిన చోటు. అక్కడ నేను కూర్చున్నాను. మాట్లాడితే లాస్యకి వినపడదు కదా.

పది గంటలకి సభ. డైరెక్టరు మైకు ముందు పిల్లల గుండెల గురించి మాట్లాడుతున్నాడు. రేవులో మెరక పడవ కూడా వచ్చి ఆగి ఉంది. నాంచారు ముప్ఫయ్యో సున్నా ఇవాళ సాయంత్రం నా సంతకంతో పూర్తవుతుంది. పడవని ముందే పిలిపించారు, ఆలస్యం కాకుండా. తల్లి గుడ్డసంచి పట్టుకుని రేవులోనే కూర్చుంది. సభ దగ్గరికి రానంది.

నాంచారు రెండు మోచేతులకీ కట్లున్నాయి. వరసలోంచి లేచి, తరగతి తెప్ప మీదికి వెళ్ళి పలక తెచ్చుకుంది. శ్రీనిజ గారి ముందు ఆగి ఏదో అంది. ఆవిడ తల తిప్పుకున్నారు. వంటావిడ దగ్గరికి వెళ్ళింది. తర్వాత నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"ఎల్లొత్తానండి మాస్టారూ."

మూడు వారాలుగా ఈ బడిలో ఎవరి నోటా ఆ మాట వినలేదు. పందొమ్మిదేళ్ళ కిందట ఆసుపత్రి పడవలో పడుకోబెట్టాక, ముక్కు దగ్గర గొట్టం పక్కకి తీసి మరీ, లాస్య నాతో అన్న ఆఖరి మాట అదే. వెళ్ళొస్తా. రాలేదు.

నాకు ఏడుపు వచ్చింది. చిన్నగా కాదు. డెబ్బై నాలుగేళ్ళ వాడు అందరి ముందూ కుర్చీలో ముందుకి వంగిపోయి, ఊపిరాడకుండా, అసహ్యంగా ఏడ్చాడు. డైరెక్టరు మాట్లాడటం ఆపేశాడు. తర్వాత ఇరవై ఆరు మంది లేచి వరస కట్టారు. ముందు వీరాస్వామి. రెండు పొడిదగ్గులు. "నువ్వే ధైర్యం తెచ్చుకోవాలి మాస్టారూ." తర్వాత అచ్చమ్మ. తర్వాత సింహాచలం. పచ్చదీపాలు మతాబుల్లా వెలిగాయి. నా చిన్నత్త, నా తోడల్లుడు, వాళ్ళ బంధువులు అందరూ పసి ముఖాలతో మళ్ళీ నా గుమ్మంలోకి వచ్చి పోయారు.

నాంచారు వెళ్ళిపోలేదు. పలక కింద పెట్టి, కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. నా కాలికి వీపు ఆనించింది. ఏమీ అనలేదు. ఎంతసేపో తెలియదు. రేవులో పడవ రెండుసార్లు గంట కొట్టింది, కదల్లేదు. నేను ఆగేదాకా కూర్చుంది. ఆమె బొత్తాం చీకటిగానే ఉంది.

కళ్ళు తుడుచుకుని, నిబంధనల పుస్తకం తెరిచి, తొంభై ఒకటో పేజీ పైకి చదివాను. డైరెక్టరు తెల్లబోయి, "ఆ నిబంధన పిల్లల కోసం సార్," అన్నాడు.

"వ్యక్తి అని ఉంది. వయసు లేదు. రాసింది నువ్వే, సంతకం నీదే."

"మీరు పెద్దవారు. ఇలా పంతానికి…"

"పంతం కాదు. ఓదార్చినవారి పేరు చెబుతున్నాను. ముప్ఫై రోజుల్లో ఒక్క రోజు సున్నా కాకపోయినా మెరకకి పంపకూడదు. అదీ నీ పుస్తకమే, నలభయ్యో పేజీ."

శ్రీనిజ గారు, నేను ఊహించని విధంగా, ముందుకి వచ్చి ఆ పేజీ తిప్పి చూసి, "నిజమేనండీ, ఉంది," అన్నారు. తర్వాత రేవు వైపు చెయ్యి ఊపి, పడవని వెళ్ళిపొమ్మన్నారు.

నాంచారుకి చెప్పాను, తల్లి దగ్గరికి వెళ్ళమని. పరిగెత్తింది. సగం దూరం వెళ్ళి ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ అదే మాట అరిచింది. ఆమె బొత్తాం ఏం చేసిందో నేను చూడలేదు. వీరాస్వామిని, సింహాచలాన్ని మంచినీళ్ళ పడవ ఎక్కించి, ఒకే తెడ్డు ఇచ్చి పంపాను.

ఈ రోజు దినచర్య పూర్తి చేస్తున్నాను. రేపు నన్ను ఈ పనిలోంచి తీసేస్తారు, అందుకని గళ్ళు నిండుగా రాస్తున్నాను.

ఏడ్చినవారు: విహాన్, దినచర్య రాసేవాడు.

ఓదార్చినవారు: నాంచారు, రెండో తరగతి.

ఏడిపించినవారు: ఉప్పులూరి నిహాంత్, పథకం డైరెక్టరు.